బెల్ 206

బెల్ 206 అమెరికాకు చెందిన బెల్ హెలికాప్టర్ సంస్థ రూపొందించిన తేలికపాటి హెలికాప్టరు. దీనికి ఒకే ఇంజను, రెండు రెక్కల ప్రధాన రోటరు ఉంటాయి. ఐదు సీట్ల రకాన్ని జెట్ రేంజర్ అనీ, ఏడు సీట్ల రకాన్ని లాంగ్ రేంజర్ అనీ అంటారు. సైనిక పోటీలో ఓడిపోయిన ఒక నమూనాను పౌర వినియోగానికి మలచగా ఈ హెలికాప్టరు తయారైంది. 1967 నుండి 2017 వరకు వివిధ రూపాలలో 7,300కు పైగా తయారయ్యాయి. ప్రైవేటు యజమానులు, అద్దె సంస్థలు, పోలీసు శాఖలు, వార్తా సంస్థలు, శిక్షణ పాఠశాలలు దీనిని విస్తృతంగా ఉపయోగించాయి.

విమానాశ్రయం లేని పట్టణంలో, కళాశాల మైదానంలో, పొలం గట్టున దిగగలగడం ఇటువంటి చిన్న హెలికాప్టర్ల ప్రధాన ప్రయోజనం. అయితే పైలటు కంటికి నేల కనిపించే వాతావరణంలో మాత్రమే ఆ ప్రయోజనం నిలుస్తుంది. 2002లో లోక్‌సభ సభాపతి జి.ఎం.సి. బాలయోగి ఈ తరగతి హెలికాప్టరు ప్రమాదంలోనే మరణించడం వలన తెలుగువారికి బెల్ 206 పేరు ఒక విషాదంతో ముడిపడి ఉంది.

నేపథ్యం

ప్రపంచంలో పౌర వినియోగానికి ధ్రువీకరణ పొందిన మొదటి హెలికాప్టరు బెల్ 47. దానికి 1946 మార్చి 8న అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. గాజు బుడగ వంటి ముందు భాగం, బయటికి కనిపించే తోక చట్రం దాని గుర్తులు. అయితే దానిలో ఉన్నది పిస్టను ఇంజను. అది ఇచ్చే శక్తితో పోలిస్తే దాని బరువు ఎక్కువ. అందువలన ప్రయాణికుల సంఖ్య, వేగం పరిమితంగా ఉండేవి. చిన్న టర్బైను ఇంజన్లు అందుబాటులోకి రావడంతో ఈ పరిస్థితి మారింది.

అమెరికా సైన్యం 1960లో తేలికపాటి పరిశీలక హెలికాప్టరు కొరకు ప్రతిపాదనలు కోరింది. 12 సంస్థలు పాల్గొన్న ఈ పోటీలో చివరకు బెల్, హిల్లర్, హ్యూస్ సంస్థలు మిగిలాయి. బెల్ నమూనాకు మొదట డి-250 అనీ, తరువాత ఓహెచ్-4 అనీ పేరు పెట్టారు. అది 1962 డిసెంబరు 8న మొదటిసారి ఎగిరింది. దాని ఆకారం ఆకర్షణీయంగా లేకపోవడంతో పాటు లోపల సామాను పెట్టుకొనే చోటు కూడా చాలలేదు. 1965లో సైన్యం హ్యూస్ సంస్థ నమూనాను ఎంపిక చేసింది.

అభివృద్ధి

పోటీలో ఓడిన నమూనాను అదే రూపంలో పౌరులకు అమ్మడానికి బెల్ చేసిన ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు సంస్థ ఇంజనును, రోటరును, వాటిని కలిపే యంత్రాంగాన్ని అలాగే ఉంచి, దేహభాగాన్ని పూర్తిగా మార్చింది. కొత్త దేహభాగం నునుపుగా, ముందుకు వాలిన ముక్కుతో, వెనుక ముగ్గురు కూర్చొనే వీలుతో తయారైంది. దీనికి బెల్ 206ఎ జెట్ రేంజర్ అని పేరు పెట్టారు. అప్పటికే ప్రసిద్ధమైన బెల్ 47జె రేంజర్ పేరుకు ముందు జెట్ అనే మాటను చేర్చడం వలన ఈ పేరు వచ్చింది.

బెల్ 206ఎ 1966 జనవరి 10న మొదటిసారి ఎగిరింది. అదే సంవత్సరం అక్టోబరు 20న ధ్రువీకరణ పొందింది. 1967 నుండి కొనుగోలుదారులకు అందజేయసాగారు.

ఈలోగా హ్యూస్ హెలికాప్టర్ల ధర, సరఫరా విషయంలో సమస్యలు తలెత్తడంతో సైన్యం 1967లో మళ్ళీ పోటీ నిర్వహించింది. పౌరుల కొరకు మెరుగుపరచిన 206ఎ ఆధారంగా రూపొందిన నమూనాతో బెల్ సంస్థ 1968లో ఆ పోటీలో గెలిచింది. సైన్యం దానికి ఓహెచ్-58 కయోవా అని పేరు పెట్టింది. సైన్యం తిరస్కరించిన యంత్రం పౌర విపణిలో రూపు దిద్దుకొని, తిరిగి సైన్యంలోనే ప్రవేశించింది.

ఇటలీలో అగస్టా సంస్థ లైసెన్సు పొంది ఏబి206 పేరుతో వీటిని తయారుచేసింది. బెల్ సంస్థ 1986లో జెట్ రేంజర్ తయారీని టెక్సాస్ రాష్ట్రం నుండి కెనడాలోని మిరబెల్‌కు తరలించింది. ఐదు సీట్ల జెట్ రేంజర్ తయారీ 2010తో, లాంగ్ రేంజర్ తయారీ 2017తో ముగిశాయి.

నిర్మాణం, పనితీరు

జెట్ రేంజర్ విజయానికి ముఖ్య కారణం అల్లిసన్ 250 తరగతి టర్బైను ఇంజను. మొదటి రకంలో వాడిన ఇంజను బరువు సుమారు 64 కిలోలు, శక్తి 317 అశ్వశక్తి. ఇంజను పైకప్పు మీద, ప్రయాణికుల వెనుక ఉంటుంది. అందువలన లోపలి చోటు మొత్తం మనుషులకు, సామానుకు మిగులుతుంది. ఈ ఇంజనుకు విమాన టర్బైను ఇంధనం వాడతారు. ఇది శుద్ధి చేసిన కిరోసిన్ వంటిది. పిస్టను హెలికాప్టర్లకు కావలసిన విమాన పెట్రోలు కన్నా ఇది సులభంగా దొరుకుతుంది.

తరువాతి 206బి-3 రకంలో ఇంజను శక్తి 420 అశ్వశక్తికి పెరిగింది. అయినా రోటరుకు శక్తిని చేరవేసే గేరు పెట్టె 317 అశ్వశక్తిని మాత్రమే స్వీకరిస్తుంది. మిగిలిన శక్తి వృథా కాదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, ఎత్తైన ప్రదేశాలలో గాలి పలుచబడి ఇంజను శక్తి తగ్గుతుంది. అటువంటప్పుడు కూడా గేరు పెట్టెకు కావలసిన శక్తి అందడానికి ఈ మిగులు ఉపయోగపడుతుంది.

ప్రధాన రోటరుకు రెండు రెక్కలు ఉంటాయి. తిరిగే స్తంభం కొనపై తూగుడుబల్ల వలె ఒక రెక్క పైకి లేస్తే మరొకటి కిందికి దిగే విధంగా వాటిని అమర్చారు. నిర్మాణం సరళం కావడం వలన మరమ్మతు సులభం. రెక్కలను ముందు వెనుకలుగా నిలిపి తక్కువ వెడల్పు గల షెడ్డులో ఉంచవచ్చు. అయితే హెలికాప్టరును ఒక్కసారిగా కిందికి వంచి, లోపలివారు తేలిపోతున్నట్లు అనిపించే స్థితికి తేవడం ఈ అమరికలో ప్రమాదకరం. అప్పుడు రోటరు మధ్యభాగం స్తంభాన్ని తాకి దానిని విరిచే అవకాశం ఉంది. శిక్షణలో పైలట్లకు దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తారు.

ఇంజను ఆగిపోతే హెలికాప్టరు రాయి వలె పడిపోతుందనేది సాధారణంగా ఉన్న అపోహ. పైలటు వెంటనే రెక్కల వాలును తగ్గిస్తే, కింది నుండి పైకి వీచే గాలి వలన రోటరు తిరుగుతూనే ఉంటుంది. దీనిని ఆటోరొటేషన్ అంటారు. నేలకు దగ్గరగా వచ్చినప్పుడు రెక్కల వాలును పెంచి, రోటరులో నిలువ ఉన్న వేగాన్ని ఉపయోగించి మెల్లగా దిగవచ్చు. జెట్ రేంజర్ రోటరు బరువైనది కనుక ఈ వేగం కొంత ఎక్కువసేపు నిలుస్తుంది. శిక్షణ పాఠశాలలు ఈ హెలికాప్టరును ఇష్టపడడానికి ఇది ఒక కారణం. ఆటోరొటేషన్ ఫలించాలంటే తగిన ఎత్తు, వేగం ఉండాలి, దిగవలసిన చోటు పైలటుకు కనిపించాలి.

ముఖ్యమైన రకాలు

* 206ఎ: మొదటి రకం. 317 అశ్వశక్తి ఇంజను.
* 206బి జెట్ రేంజర్ 2: 1971 నుండి. 400 అశ్వశక్తి ఇంజను.
* 206బి-3 జెట్ రేంజర్ 3: 1977 నుండి. 420 అశ్వశక్తి ఇంజను. ఎక్కువ కాలం తయారైన రకం.
* 206ఎల్ లాంగ్ రేంజర్: 1974లో మొదటిసారి ఎగిరింది. దేహభాగాన్ని సుమారు 76 సెంటీమీటర్లు పొడిగించి ఏడు సీట్లు అమర్చారు. రోటరు ప్రకంపనలు ప్రయాణికులకు తగలకుండా ప్రత్యేక ఊత ఏర్పాటు చేశారు.
* 206ఎల్-4: 1992 నుండి 2017 వరకు. లాంగ్ రేంజర్ చివరి రకం.
* 206ఎల్‌టి ట్విన్ రేంజర్: రెండు ఇంజన్ల రకం. 13 మాత్రమే తయారయ్యాయి.
* టిహెచ్-57, టిహెచ్-67: అమెరికా నౌకాదళం, సైన్యం పైలట్ల శిక్షణకు వాడిన రకాలు.

లాంగ్ రేంజర్ ఆధారంగా, నాలుగు రెక్కల రోటరుతో రూపొందిన బెల్ 407 1995లో మొదటిసారి ఎగిరింది. లాంగ్ రేంజర్ రోటరును, గేరు యంత్రాంగాన్ని వాడుకొన్న బెల్ 505 జెట్ రేంజర్ ఎక్స్ 2014 నవంబరు 10న మొదటిసారి ఎగిరింది. 2017 నుండి అది కొనుగోలుదారులకు చేరుతున్నది.

ప్రపంచవ్యాప్తంగా వినియోగం

హెలికాప్టరులో మొదటి భూప్రదక్షిణ లాంగ్ రేంజర్‌లోనే జరిగింది. అమెరికాకు చెందిన రాస్ పెరో జూనియర్, జే కోబర్న్ 1982 సెప్టెంబరు నెలలో స్పిరిట్ ఆఫ్ టెక్సాస్ అనే హెలికాప్టరుపై 29 రోజులలో ఈ యాత్రను పూర్తి చేశారు. సోవియట్ యూనియన్ అనుమతి ఇవ్వకపోవడంతో ఉత్తర పసిఫిక్ సముద్రంలో ఒక సరుకుల ఓడపై దిగి ఇంధనం నింపుకొన్నారు. ఆస్ట్రేలియాకు చెందిన డిక్ స్మిత్ జెట్ రేంజర్‌లో ఒంటరిగా భూప్రదక్షిణ చేశాడు. 1982 ఆగస్టులో మొదలైన ఆయన యాత్ర 1983 జూలైలో ముగిసింది.

నగరాలలో రోడ్ల రద్దీని, అగ్ని ప్రమాదాలను చూపించే వార్తా హెలికాప్టరుగా కూడా జెట్ రేంజర్ ప్రసిద్ధి పొందింది. 1960లో సోవియట్ గగనతలంలో పట్టుబడిన యు-2 విమాన చోదకుడు ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్ తరువాతి కాలంలో లాస్ ఏంజిల్స్‌లో ఒక టెలివిజన్ సంస్థ జెట్ రేంజర్‌ను నడిపేవాడు. 1977 ఆగస్టు 1న ఇంధనం అయిపోయి ఆ హెలికాప్టరు కూలడంతో ఆయన మరణించాడు.

భారతదేశంలో

భారత సైనిక దళాలు ఫ్రెంచి నమూనాల ఆధారంగా హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ తయారుచేసిన చేతక్, చీతా హెలికాప్టర్లను ఎంచుకొన్నాయి. బెల్ 206 ప్రధానంగా ప్రైవేటు రంగంలో కనిపించింది. బెంగుళూరు కేంద్రంగా 1990ల చివరిలో సేవలు ఆరంభించిన డెక్కన్ ఏవియేషన్ సంస్థ వీటిని అద్దెకు నడిపింది. ఎన్నికల ప్రచారం, తీర్థయాత్రలు, గనుల సర్వే, అత్యవసర వైద్యం వంటివి ఇటువంటి సంస్థల ప్రధాన వ్యాపారం. హెలికాప్టరును కొనడం, నిర్వహించడం భారమైనవారు కూడా గంటల లెక్కన అద్దెకు తీసుకొనే పద్ధతి ఈ కాలంలోనే విస్తరించింది.

తెలుగు రాష్ట్రాలలో

ఓరుగల్లు ప్రాంతం

చిన్న హెలికాప్టరు అవసరం ఏమిటో పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను చూస్తే తెలుస్తుంది. ఈ మూడు జిల్లాలలోనూ విమానాశ్రయం లేదు. వరంగల్ సమీపంలో నిజాం కాలంలో నిర్మించిన మామునూరు విమానాశ్రయం 1981 వరకు పనిచేసింది. దాని అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. జనగామ, మహబూబాబాద్ రైలు మార్గంపై ఉన్నాయి. బొగ్గు గనుల పట్టణమైన భూపాలపల్లికి ప్రయాణికులు రోడ్డు మార్గంలోనే చేరుకోవాలి.

హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం నుండి సరళరేఖలో జనగామ సుమారు 80 కిలోమీటర్లు, మహబూబాబాద్ సుమారు 160 కిలోమీటర్లు, భూపాలపల్లి సుమారు 185 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. గంటకు 210 కిలోమీటర్ల వేగంతో జెట్ రేంజర్ జనగామకు 25 నిమిషాలలోపు, మిగిలిన రెండింటికి 45 నుండి 55 నిమిషాలలో చేరగలదు. ఒకసారి నింపిన ఇంధనంతో సుమారు 690 కిలోమీటర్లు ప్రయాణించగలదు కనుక భూపాలపల్లికి వెళ్ళి తిరిగి రావడానికి దారిలో ఇంధనం అవసరం లేదు. జిల్లా కేంద్రాలలోని తాత్కాలిక హెలిప్యాడ్లలో ఇంధనం దొరకదు కనుక ఇది ముఖ్యమైన విషయం.

తాత్కాలిక హెలిప్యాడును సాధారణంగా కళాశాల మైదానంలోనో, సభాస్థలి పక్కన చదును చేసిన భూమిలోనో ఏర్పాటు చేస్తారు. సున్నంతో వలయం, దాని మధ్య ఆంగ్ల అక్షరం హెచ్ గీస్తారు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతారు. గాలి వీచే దిక్కు పైలటుకు తెలిసేందుకు పొగ పెడతారు. అగ్నిమాపక వాహనాన్ని సిద్ధంగా ఉంచుతారు. 2023 శాసనసభ ఎన్నికల ప్రచారంలో నాయకులు ఒకే రోజు రెండు మూడు పట్టణాలలో సభలు జరపడానికి హెలికాప్టర్లే ఆధారమయ్యాయి. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు అక్టోబరు 16న జనగామ, భువనగిరి సభలలో పాల్గొన్నారు.

రెండేళ్ళకు ఒకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర హెలికాప్టరును సామాన్య భక్తులకు కూడా పరిచయం చేసింది. మేడారం 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాలో చేరింది. 2022 జాతర సమయంలో హన్మకొండ నుండి మేడారానికి హెలికాప్టరు సేవలు నడిపారు. ఒక్కొక్కరికి 19,999 రూపాయలు వసూలు చేశారు. జాతర ప్రాంగణాన్ని ఆకాశం నుండి కొన్ని నిమిషాలపాటు చూపించే విహారానికి 3,700 రూపాయలు తీసుకొన్నారు.

వరదల సమయంలో చిన్న హెలికాప్టర్ల పరిమితి బయటపడుతుంది. 2020 ఆగస్టు 15న భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలం కుందనపల్లి వద్ద చలివాగులో చిక్కుకొన్న 10 మంది రైతులను హెలికాప్టరు సహాయంతో రక్షించారు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. ఇళ్ళ కప్పులపైకి చేరిన ప్రజలను కాపాడడానికి పడవలను, రక్షణ దళాల హెలికాప్టర్లను ఉపయోగించారు. తాడుతో మనుషులను పైకి లాగడానికి, ఒకేసారి అనేకమందిని తరలించడానికి పెద్ద హెలికాప్టర్లు కావాలి. పైలటుతో కలిపి ఐదుగురు పట్టే జెట్ రేంజర్ వంటివి పరిశీలనకు, మందులు చేరవేయడానికి, ఒకరిద్దరి తరలింపుకు మాత్రమే సరిపోతాయి.

బాలయోగి మరణం

2002 మార్చి 3న లోక్‌సభ సభాపతి జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుండి హైదరాబాదుకు ఒక ప్రైవేటు బెల్ 206లో బయలుదేరారు. ఆ హెలికాప్టరు కృష్ణా జిల్లా (2022 నుండి ఏలూరు జిల్లా) కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలింది. బాలయోగితో పాటు పైలటు, అంగరక్షకుడు మరణించారు. అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికైన బాలయోగి 1998 మార్చి 24న సభాపతి అయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. పదవిలో ఉండగా మరణించేనాటికి ఆయన వయసు 50 సంవత్సరాలు.

కొల్లేరు పరిసర ప్రాంతాలలో చేపల చెరువులు ఒకదాని పక్కన ఒకటి విస్తరించి ఉంటాయి. చెరువుల మధ్య గట్లు, కొబ్బరిచెట్లు, విద్యుత్తు తీగలు ఉంటాయి. ఇటువంటి చోట హఠాత్తుగా దిగవలసి వస్తే తగిన గట్టి నేల దొరకడం కష్టం.

భద్రత, పరిమితులు

ఒకే ఇంజను గల హెలికాప్టర్లలో బెల్ 206కు మంచి భద్రతా చరిత్ర ఉంది. అయితే దానిని సాధారణంగా కంటిచూపుపై ఆధారపడి, పగటివేళ నడుపుతారు. మేఘంలోకి ప్రవేశిస్తే పైలటుకు క్షితిజరేఖ కనిపించదు. చెవిలోని సమతౌల్య జ్ఞానం తప్పుడు సంకేతాలు ఇస్తుంది. హెలికాప్టరు వంగుతున్నా నిటారుగా ఉన్నట్లే అనిపిస్తుంది. దారిలో వాతావరణం చెడితే వెనుకకు తిరగడం, లేదా ఖాళీ పొలంలో దిగి వేచి ఉండడం సురక్షితమైన మార్గాలు. సభకు ఆలస్యమవుతున్నదనే ఒత్తిడి ఈ నిర్ణయానికి తరచు అడ్డు వస్తుంది.

రెండు ఇంజన్లు ఉంటే ఈ సమస్య తీరుతుందని చెప్పలేము. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు ప్రయాణించిన ప్రభుత్వ హెలికాప్టరు నల్లమల అడవులలోని పావురాల గుట్ట వద్ద కూలి అందరూ మరణించారు. అది బెల్ 206 తరగతికి చెందినది కాదు, రెండు ఇంజన్లు గల బెల్ 430. గేరు పెట్టె చమురు పీడనానికి సంబంధించిన హెచ్చరికపై సిబ్బంది దృష్టి నిలిచిపోయిందని, ఆ సమయంలో వాతావరణం తీవ్రంగా ఉందని విచారణ సంఘం పేర్కొన్నది. ఇంజన్లు చెడిపోకపోయినా ప్రమాదం జరగవచ్చునని ఈ ఘటన చూపింది.

బరువు మరొక పరిమితి. ఖాళీ జెట్ రేంజర్‌కు, దాని గరిష్ఠ బరువుకు మధ్య తేడా సుమారు 680 కిలోలు. ఐదుగురు మనుషులు సుమారు 400 కిలోలు, నిండు ఇంధనం సుమారు 275 కిలోలు అనుకొంటే, సామానుకు చోటే మిగలదు. లోక్‌సభ ఎన్నికలు జరిగే ఏప్రిల్, మే నెలల ఎండలో గాలి పలుచబడి రోటరు ఎత్తగల బరువు ఇంకా తగ్గుతుంది. అందువలన వేసవిలో పైలటు ఒకరిని తగ్గించమనడం, ఇంధనం తగ్గించుకోవడం సాధారణం.

నిర్దేశాలు (206బి-3)

* సిబ్బంది: 1
* ప్రయాణికులు: 4
* పొడవు (రోటరుతో): 12.11 మీటర్లు
* ప్రధాన రోటరు వ్యాసం: 10.16 మీటర్లు
* ఖాళీ బరువు: సుమారు 770 కిలోలు (పరికరాలను బట్టి మారుతుంది)
* గరిష్ఠ బరువు: 1,451 కిలోలు
* ఇంజను: ఒక అల్లిసన్ 250-సి20జె టర్బైను, 420 అశ్వశక్తి
* ప్రయాణ వేగం: గంటకు సుమారు 210 కిలోమీటర్లు
* ప్రయాణ పరిధి: సుమారు 690 కిలోమీటర్లు